కంటకమ్మ మొదటి సంతకం

ఒక పెద్ద అడవిలో, చదువు కావాలని ఎవరూ అడక్కపోయినా, పొరుగడవిలో ఉంది కదా అని ఒక విద్యాపీఠం పెట్టారు. విద్యాపీఠం అన్నాక గ్రంథాలయం ఉండాలన్నారు. కొండ పక్కన మూడు గుహలు ఖాళీ చేయించి, నలభై వేల పుస్తకాలు సర్దించి, తలుపు పెట్టించి, తలుపుకి గడియ పెట్టించి, గడియ సరిగ్గా పడుతోందో లేదో చూసుకుని అందరూ భోజనాలకి వెళ్ళిపోయారు.

ఆ గడియ తీసి పుస్తకాలని వెలుతుర్లోకి తెచ్చింది ముళ్ళపంది కంటకమ్మ.

ఆమె అక్కడికి వచ్చింది ఊడవడానికి. చిన్నప్పుడు బడిలో చేర్చుకోలేదు. ముళ్ళున్న పిల్లలు బల్లలు గీకేస్తారని పంతుళ్ళు తీర్మానం చేశారు. అంచేత ఆమె చదువంతా నిలబడే సాగింది. ఒక చేత్తో చీపురు, ఒక చేత్తో పుస్తకం. మొదటి గుహ ఊడ్చేసరికి చరిత్ర వచ్చింది. రెండోది ఊడ్చేసరికి వైద్యమూ తర్కమూ వచ్చాయి. మూడో గుహ పూర్తయ్యేసరికి నోరు ఎవరికీ లొంగకుండా పోయింది.

ఏ పుస్తకం ఎక్కడుందో రాసిన చీటీలని కంటకమ్మ తన ముళ్ళకే గుచ్చుకునేది. ఎడమ భుజం మీద వైద్యం, కుడి భుజం మీద చరిత్ర, నడుం మీద వ్యాకరణం, ఎవరూ అడగరు గనక తోక దగ్గర నీతిశాస్త్రం. ఎవరొచ్చి ఏది అడిగినా ఒకసారి ఒళ్ళు జాడించి చీటీ లాగేది. "మొదటి గుహ, కింది వరస, నత్త పాకిన చార పక్కన" అనేది. వెళ్ళి చూస్తే అక్కడే ఉండేది.

చూసి చూసి ఆమెని ఇన్‌ఛార్జిని చేశారు. ఇన్‌ఛార్జి అంటే పని ఒకరిది, పదవి ఇంకొకరిది. పదవి నెమలి పింఛాలరావుది. ఆయన నృత్య శాఖలో ఆచార్యుడు. గ్రంథాలయం ఆయనకి అదనపు బాధ్యత. మబ్బు పట్టిన రోజున వచ్చి, గుమ్మంలో ఒకసారి పురివిప్పి, "అంతా సవ్యమేనా?" అని, జవాబు వినకుండా వెళ్ళిపోయేవాడు. కంటకమ్మ ప్రతి కాగితం మీదా "గ్రంథాలయాధికారి తరఫున" అని రాసి సంతకం పెట్టేది. అలా పదకొండేళ్ళు పెట్టింది.

ఆ గ్రంథాలయంలో ఒక నిబంధన ఉంది. కార్డు లేనిదే గడప దాటకూడదు. కార్డు కావాలంటే మగజంతువులు దరఖాస్తు ఇస్తే చాలు. ఆడజంతువులైతే తండ్రో మొగుడో హామీగా పాదముద్ర వెయ్యాలి. పట్టుకెళ్ళిన పుస్తకం ఆడది తిరిగి తెస్తుందన్న నమ్మకం ఏమిటని. పుస్తకాలు తిరిగివ్వనివాళ్ళ జాబితాలో పైనుంచి కిందిదాకా మగపేర్లే ఉన్నాయని కంటకమ్మ ఓసారి రాసి పంపింది. జాబితాలో ఒక్క ఆడపేరూ లేదంటే నిబంధన ఎంత చక్కగా పనిచేస్తోందో చూడండని జవాబొచ్చింది.

ఒకరోజు ఒంటినిండా పొలుసులున్న అలుగు, పొలుసమ్మ, వచ్చి గడప అవతల నిలబడింది. అడవిలో సగం కాన్పులు చేసే మంత్రసాని ఆవిడ. విద్యాపీఠం వాళ్ళు వైద్యుల పరీక్ష పెడుతున్నారని విని, అది రాద్దామని వచ్చింది.

"మీ ఆయన చేత ముద్ర వేయించుకు రాకపోయావా?" అంది కంటకమ్మ.

"ఆయన ముడుచుకున్నాడక్కా."

"ఎప్పుడు?"

"పోయిన వానాకాలం. ఏదో మాటా మాటా వచ్చింది. బంతిలా చుట్టుకున్నాడు, ఇంకా విప్పుకోలేదు. లోపల కాలెక్కడుందో తెలీడం లేదు, ముద్ర ఎక్కణ్ణుంచి వేయించను?"

కంటకమ్మకి ఒళ్ళు మండింది. ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి, చీటీలు రెపరెపలాడాయి.

"విను పొలుసూ. ఇన్‌ఛార్జికి నిబంధన పాటించే హక్కే గాని మార్చే హక్కు లేదు. ఆ పదవి నాకు రానీ. మొదటి సంతకం నీ కార్డు మీద పెడతాను."

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. అది ఇక్కడ రాసిపెట్టుకోవడం మంచిది, తరవాత నమ్మబుద్ధి కాదు.

పదవి కోసం కంటకమ్మ అప్పటికే రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. ఎదురుగా ముగ్గురు కూచునేవారు. వీసీ గారు ఎలుగుబంటి జాంబయ్య, రిజిస్ట్రారు కొంగ ధ్యానమూర్తి, మూడోవాడు పింఛాలరావు. మొదటిసారి అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. "ఇంత తెలిసినామెని పైకి తీసుకుపోతే కింద పని ఎవరు చేస్తారయ్యా?" అన్నాడు జాంబయ్య. రెండోసారి, "ఉద్యోగం, ఇల్లూ రెండూ ఎలా చూసుకుంటావమ్మా?" అని అడిగారు. "మీరు చూసుకుంటున్నట్టే. చూసుకోకుండా" అంది. నాయకత్వ లక్షణాలు లేవని రాసి పంపేశారు.

అప్పుడు ఆమె నాయకత్వం గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివింది. అర్థం కాలేదు. పుస్తకాలు మూసి నెల్లాళ్ళు పింఛాలరావుని చూసింది. అర్థమైంది.

"చారూ," అంది సహాయకురాలితో. సహాయకురాలు ఉడుత చారుమతి. "నెల్లాళ్ళుగా చూస్తున్నాను, ఈయన ఒక్క పుస్తకం ఎక్కడుందో చెప్పాడుటే?"

"ఆయనకి తెలీదు కదక్కా."

"అదీ సంగతి. తెలిసినవాడు చెప్తాడు. చెప్పాడు కాబట్టి గుమాస్తా. తెలియనివాడు ఇంకొకణ్ణి పిలుస్తాడు. పిలిచాడు కాబట్టి అధికారి. ఇన్నాళ్ళూ నేను వాళ్ళ ముందు కూచుని గుమాస్తా పరీక్ష ప్యాసవుతూ వచ్చాను."

"అయితే తెలియనట్టు ఉంటావా?"

"ఒక్క గంట. ఆ గదిలో ఉన్నంతసేపు. వాళ్ళు ఏళ్ళ తరబడి తెలిసినట్టు నటించడం లేదూ, నేను ఒక గంట తెలియనట్టు నటించలేనా?"

చారుమతి తోక దువ్వుకుంది. "చూసుకో అక్కా. నువ్వు ఏది నేర్చుకున్నా ఒంటికి పట్టేస్తుంది" అంది.

మూడో ఇంటర్వ్యూ రోజున కంటకమ్మ చీటీలన్నీ పీకి చారుమతి ఒళ్ళో పోసి, ముళ్ళు నున్నగా దువ్వుకుని వెళ్ళింది.

"వానాకాలపు జబ్బుల మీద పుస్తకం ఎక్కడుంటుందమ్మా?" అన్నాడు జాంబయ్య.

రెండో గుహ, పై వరస, కుడివైపు నుంచి ఆరోది, వెనక అట్ట లేదు. నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"మంచి ప్రశ్న అడిగారు. దీని మీద సిబ్బంది చేత ఒక నివేదిక తెప్పిస్తాను."

ఒంటికాలి మీద నిలబడ్డ ధ్యానమూర్తి ఆశ్చర్యపోయి రెండో కాలు కూడా దించాడు.

"ఇంటి బాధ్యతలూ..."

"సమన్వయం చేసుకోవాలండీ."

"పాఠకులు ఎక్కువైపోతే?"

"నియంత్రించాలి."

చివరికి పింఛాలరావు గొంతు సవరించుకుని, "గ్రంథాలయ భవిష్యత్తు గురించి మీ ఆలోచన?" అన్నాడు.

కంటకమ్మ కిటికీలోంచి దూరంగా చూసింది. ఎంతసేపు చూసిందంటే, ఆ ముగ్గురూ కూడా తలలు తిప్పి అటు చూశారు. అక్కడ ఏమీ లేదు.

"దూరదృష్టి ఉంది," అన్నాడు జాంబయ్య.

అడవి చరిత్రలో మొట్టమొదటి మహిళా గ్రంథాలయాధికారి అని సభ పెట్టారు. పదహారు శాలువాలు కప్పారు. పదహారూ ముళ్ళకి గుచ్చుకుపోయి ఎంత లాగినా ఊడలేదు. కంటకమ్మ సాయంత్రందాకా మూటలా కూచుంది. మొదట ఉక్కగా అనిపించింది. తరవాత వెచ్చగా అనిపించింది. చీకటి పడేవేళకి, శాలువా అన్నది అంత చెడ్డదేమీ కాదనిపించింది.

మర్నాడు పొద్దున్నే పొలుసమ్మ దరఖాస్తు పట్టుకుని వచ్చేసింది. కానీ ఆవిడకంటే ముందు ధ్యానమూర్తి వచ్చి ఉన్నాడు.

"మొదటిరోజే ఆడవాళ్ళ కార్డు మీద సంతకం పెట్టారనుకోండి," అన్నాడు మెల్లిగా, "చూశారా, ఆడది రాగానే ఆడవాళ్ళకి తలుపు తీసేసింది అంటారండీ."

"తియ్యడానికే కదండీ వచ్చాను?"

"తియ్యండి, ఎవరొద్దన్నారు? ముందు మీరు మగవాళ్ళకి తీసిపోరని రుజువు చేసుకోండి. ఏడాది ప్రొబేషన్. అదొక్కటీ దాటితే మిమ్మల్ని కదిపే మగాడు లేడు."

కంటకమ్మకి ఇది తర్కంగానే వినిపించింది. తర్కం చదివినవాళ్ళకి ఉన్న సుఖం అదే. తమకి కావలసినదానికి కారణం తొందరగా దొరుకుతుంది.

"ఒక్క ఏడాది ఓపిక పట్టు పొలుసూ," అంది బయటికొచ్చి.

"ఏడాదే కదక్కా," అంది పొలుసమ్మ. "పరీక్షా అప్పుడే. ఈలోగా మా ఆయన కూడా విప్పుకుంటాడేమో."

కంటకమ్మ లోపలికెళ్ళి ఆ రోజు మొదటి సంతకం పెట్టింది. అధికారిణి గది గుమ్మానికి తెర కావాలన్న కాగితం మీద.

ఆ తరవాత పనులు ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. ఒంటినిండా చీటీలతో అధికారిణి తిరిగితే హుందాగా ఉండదన్నారు. చీటీలు చారుమతికి వెళ్ళాయి. ఉడుతకి ముళ్ళు లేవు కదా, ఆవిడ వాటిని బుగ్గల్లో కుక్కుకుని తిరిగేది. ఎవరైనా పుస్తకం అడిగితే ముందు నోరు ఖాళీ చేసుకోవాల్సి వచ్చేది. కొన్నాళ్ళకి ఆ బాధ పడలేక నలభై వేలూ కంఠతా పెట్టేసింది. కంటకమ్మ హామీ నిబంధన మీద ఒక పరిశీలనా సంఘం వేసి, దానికి తనే అధ్యక్షురాలైంది. అధ్యక్షురాలికి తీరిక లేక సంఘం సమావేశం కాలేదు.

ఎందుకు తీరిక లేదంటే, ఆవిడకి పొరుగడవుల నుంచి పిలుపులొస్తున్నాయి. "విద్యాపీఠ గ్రంథాలయాల నాయకత్వంలో మహిళలు" అనే అంశం మీద మాట్లాడాలి. ఆ అంశానికి అడవులన్నిటికీ కలిపి ఉన్నది ఒక్క మహిళే కాబట్టి అన్ని సభలకీ ఆవిడే వెళ్ళాల్సి వచ్చేది. సభల్లో పొలుసమ్మ కథ చెప్పేది. మొగుడి కాలిముద్ర కోసం గడప బయట నిలబడ్డ మంత్రసాని అనగానే సభంతా కళ్ళు తుడుచుకునేది. కథ చెప్పగా చెప్పగా పదునెక్కింది. పొలుసమ్మ మొగుడు మొదటి సభలో ముడుచుకున్నాడు, మూడో సభలో కొట్టాడు, అయిదో సభకి చచ్చిపోయాడు. ప్రతి సభ చివరా పొలుసమ్మకి కార్డు వచ్చేది. చప్పట్లు ఆగేవి కావు.

అసలు పొలుసమ్మ వారానికోసారి వచ్చి గడప అవతల నిలబడి వెళ్ళేది. మొదట్లో "అక్కుందా?" అని అడిగేది. తరవాత "మేడం ఉన్నారా?" అనడం మొదలుపెట్టింది. కంటకమ్మ ఆ తేడా తెర వెనక నుంచి విన్నది. మర్యాద నేర్చుకుందని ముచ్చటపడింది కూడా.

ఊళ్ళు తిరుగుతున్నన్నాళ్ళూ ఇక్కడ ఇన్‌ఛార్జి చారుమతి.

ఏడాది అయిపోవస్తుండగా కంటకమ్మ తొమ్మిదో సభ ముగించుకుని తిరిగొచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి లోపల జనం. కుందేళ్ళు, జింకలు, ఒక ముసలి కోతి, అందరూ ఆడవాళ్ళే. రెండో గుహలో పొలుసమ్మ బోర్లా పడుకుని, గోటితో అక్షరం అక్షరం తడుముకుంటూ వానాకాలపు జబ్బులు చదువుతోంది.

కంటకమ్మకి సంతోషం రావాలి. వెనకాల వస్తోంది కాబోలని కాసేపు ఆగి చూసింది. రాలేదు. వచ్చింది వేరే ఒకటి. నన్నడక్కుండానా?

చారుమతిని తెర లోపలికి పిలిచింది.

"ఈ కార్డులు ఎవరిచ్చారు?"

"మీరే మేడం."

"నేనా?"

"మీ తరఫున. పదకొండేళ్ళు మీరు పింఛాలరావు గారి తరఫున పెట్టలేదూ, అలాగే. హామీ గడిలో మీ పేరు రాశాను. గ్రంథాలయాధికారే హామీ ఉంటే ఇంక మొగుడి కాలెందుకనిపించింది."

పదకొండేళ్ళు తలపట్టుకు కూచున్న ముడి అంత సులువుగా ఊడుతుందని కంటకమ్మకి తట్టనేలేదు.

"ఎన్నిచ్చావు?"

"నూట పన్నెండు."

"నా ప్రొబేషన్ ఇంకా తొమ్మిది రోజులుంది చారుమతీ."

"పొలుసమ్మ పరీక్ష ఎనిమిదో రోజున మేడం."

ఇద్దరూ తెర వంక చూశారు. మంచి తెర. సాలెపురుగులు నేసింది.

మధ్యాహ్నానికే జాంబయ్య పిలిపించాడు. ఇంటర్వ్యూ జరిగిన గదే, కూచున్నదీ ఆ ముగ్గురే. చారుమతిని గుమ్మం బయట నిలబెట్టారు.

"ఒక్క మాట చెప్పండమ్మా చాలు," అన్నాడు ధ్యానమూర్తి. "ఈ నూట పన్నెండూ మీ అనుమతితో జరిగాయా, అనుమతి లేకుండానా?"

అనుమతితోనే అంటే పదవి పోతుంది. లేకుండా అంటే చారుమతి పోతుంది. దారిలో కంటకమ్మ తేల్చుకునే వచ్చింది, అవును నేనే ఇమ్మన్నాను అని చెప్పాలని. నిజంగానే తేల్చుకుంది. నోరు తెరిచింది. ఏడాదిగా ఆ నోట్లోంచి సూటిగా ఒక్క జవాబూ బయటికి రాలేదు. దారి పూడుకుపోయింది.

"ఈ విషయం పరిశీలనా సంఘం ముందుంది," అంది ఆమె నోరు. "సంఘం నివేదిక వచ్చేదాకా కార్డులు నిలిపి ఉంచితే అందరికీ న్యాయం చేసినట్టవుతుందని నా అభిప్రాయం."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇలాంటి మాట తమకెందుకు తట్టలేదా అని పింఛాలరావు అసూయపడ్డాడు.

బయటికొచ్చి, "నీ మీదికి రాకుండా చూశాను చారూ," అంది కంటకమ్మ.

"ఔను మేడం," అంది చారుమతి.

మర్నాటికి కార్డులు ఆగిపోయాయి. రెండో రోజుకి చారుమతిని విత్తనాల గిడ్డంగికి మార్చారు, గౌరవంగానే, ఉడుతలకి ఆ పని బాగా నప్పుతుందని కాగితంలో రాసి మరీ. ఎనిమిదో రోజున పొలుసమ్మ పరీక్ష రాసింది. చదివిన సగం పుస్తకంలోంచి వచ్చిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పింది, చదవని సగంలోంచి వచ్చినవి వదిలేసింది. తప్పింది. తొమ్మిది రోజులు దాటాయి. కంటకమ్మ పదవి ఖాయమైంది.

ఆ రోజు ఆమె తెర పక్కకి తోసి, ఇంక నన్ను కదిపేవాళ్ళు లేరు కదా అనుకుంటూ లేచింది. పొలుసమ్మ కార్డు మీద స్వయంగా సంతకం పెట్టి, ఆ పుస్తకం స్వయంగా తీసి, స్వయంగా పట్టుకెళ్ళి ఇద్దామనుకుంది. రెండో గుహలోకి వెళ్ళింది. పై వరస, కుడివైపు నుంచి ఆరోది. అది వ్యాకరణం. ఎడమ నుంచి చూసింది. కింది వరస చూసింది. ఏడాదిలో చారుమతి అరలన్నీ పాఠకులకి అందేలా మార్చి సర్దింది. ఎక్కడ ఏముందో ఆవిడకే తెలుసు. కంటకమ్మ అలవాటుగా ఒళ్ళు జాడించింది. ఒక శాలువా దారం రాలిపడింది.

పుస్తకం లేకుండా వట్టి కార్డు ఏం పట్టుకెళ్తామని ఊరుకుంది.

ఏడాది నివేదికలో ఆ గ్రంథాలయంలో ఒక్క పుస్తకం కూడా పోలేదని, చిరగలేదని, నలగలేదని రాశారు. నిజమే. పాఠకులు లేరు. ఆడవాళ్ళకి కార్డులు లేవు, మగవాళ్ళు వచ్చినా పుస్తకం వెతికిపెట్టేవాళ్ళు లేరు. ఆడచేతిలో పడ్డ ఇల్లు ఎంత పొందిగ్గా ఉంటుందో చూశారా అని జాంబయ్య సభలో మెచ్చుకుని, పదిహేడో శాలువా కప్పాడు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం కంటకమ్మకి ఏం తోచక విత్తనాల గిడ్డంగి వైపు నడిచింది. గిడ్డంగి వెనక చదునైన బండ మీద చారుమతి కూచుని ఉంది. ఎదురుగా నూట పన్నెండు మందీ ఉన్నారు. ఇంకా ఎక్కువే ఉన్నారేమో. చారుమతి చేతిలో ఏమీ లేదు. కంఠతా వచ్చింది వచ్చినట్టు వానాకాలపు జబ్బులు చెప్తోంది. కాన్పు గదిలో కప్పు కారితే ఏం చెయ్యాలి అన్న దగ్గర పొలుసమ్మ అడ్డొచ్చి, పుస్తకంలో ఉన్నది తప్పనీ, తను అలాంటి పదిహేను కాన్పుల్లో ఏం చూసిందో చెప్తోంది. ముసలి కోతి కాదంటోంది. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు.

కంటకమ్మకి ఊడుస్తూ చదువుకున్న రోజులు గుర్తొచ్చాయి. చప్పుడు చెయ్యకుండా వెనక వరసలో కూచుందామని ఒక రాయి చూసుకుంది. ముళ్ళు గలగలమన్నాయి.

పొలుసమ్మ తిరిగి చూసింది. "మేడం వచ్చారు" అంది.

అందరూ లేచి నిలబడ్డారు. వాదన ఆగిపోయింది. ఎవరో పరిగెత్తి ఆకులు తెచ్చి ముందు వరసలో పరిచారు.

"కానివ్వండి, కానివ్వండి," అంది కంటకమ్మ. "నేను వినడానికి వచ్చాను."

ఎవరూ నోరు మెదపలేదు. చారుమతి కూడా నేల చూపులు చూస్తూ నిలబడింది. నిశ్శబ్దం మరీ ఇబ్బందిగా తయారైంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. కంటకమ్మ ముందుకి నడిచి, బండ ఎక్కి, గొంతు సవరించుకుని, ఆడవాళ్ళు చదువుకోవాలని, చదువుకుంటే ఎంత దూరం వెళ్ళొచ్చో తననే చూడండని ఒక గంట మాట్లాడింది.

చక్కగా చప్పట్లు కొట్టారు.

నీతి: ఆడవాళ్ళ చేతికి అధికారం ఇస్తే ఏం కొంప మునుగుతుందోనని మగవాళ్ళు ఊరికే హడలిపోతున్నారు, ఏమీ అవదు, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.